మెరుపు చూసి మోసపోవద్దు.. మడ్‌గార్డు కొలత చూడాలి

గుడుపల్లె: వాన వెలిసిన గంటకు ఎర్రమట్టి దారిలో సైకిలుపై వెళ్లిన వారి చొక్కా చూస్తే, వీపు మీద నడుము నుంచి మెడ దాకా ఒక ఎర్రని చార కనిపిస్తుంది. తెల్ల యూనిఫాం వేసుకున్న విద్యార్థులకు, ఉదయం రైలు అందుకుని పనులకు వెళ్లే వారికి వానాకాలమంతా ఇది తప్పని ఇబ్బంది. చొక్కా మీది చార ఉతికితే పోతుంది. కానీ అదే బురదనీరు చైనులోకి, పెడల్ ఇరుసులోకి చేరితే సైకిలు మెకానిక్కు దగ్గరికి వెళ్లక తప్పదు. ఇందుకు కారణం సైకిలు కొనేటప్పుడు చాలామంది పట్టించుకోని ఒక భాగం. అదే మడ్‌గార్డు. రంగు బాగుందా, మెరుస్తోందా అని చూసేవారే తప్ప పొడవెంత, వెడల్పెంత, టైరుకూ దానికీ మధ్య సందెంత అని అడిగేవారు అరుదు. ఏటా రెండు రుతుపవనాల్లోనూ తడిసే ఈ ప్రాంతంలో రోజూ సైకిలు తొక్కేవారికి ఈ కొలతలే ముఖ్యం.

కర్ణాటక, తమిళనాడు సరిహద్దులకు దగ్గరగా ఉన్న గుడుపల్లె మండలంలో సైకిలుకు ఇప్పటికీ పని తగ్గలేదు. బంగారుపేట - జోలార్‌పేట రైలు మార్గంలో బిసానత్తం, కుప్పం స్టేషన్ల మధ్య గుడుపల్లె స్టేషన్ ఉంది. పల్లెల నుంచి స్టేషనుకు, బడికి, పాల కేంద్రానికి, మల్బరీ తోటకు వెళ్లేవారిలో సైకిలునే నమ్ముకున్న వారు ఉన్నారు. ఒకప్పుడు చిగురుకుంట, బిసానత్తం బంగారు గనులకు పనికి వెళ్లేవారు. భారత్ గోల్డ్ మైన్స్ 2001లో మూతపడటంతో ఆ పనులు పోయాయి. ఆ తర్వాత సైకిళ్ల దారి రైల్వే స్టేషను వైపు, కుప్పం వైపు మళ్లింది. 1989 నుంచి చంద్రబాబునాయుడు ప్రాతినిధ్యం వహిస్తున్న కుప్పం నియోజకవర్గంలో సైకిలంటే ముందు ఎన్నికల గుర్తే గుర్తుకు రావచ్చు. అయితే ఇక్కడ చెబుతున్నది రోడ్డు మీద తిరిగే సైకిలు గురించే.

విద్యార్థుల విషయానికొస్తే, సరిహద్దుకు ఇరువైపులా ప్రభుత్వాలు ఏదో ఒక సమయంలో సైకిళ్లు పంచినవే. తమిళనాడులో 2001-02లో ఎస్సీ, ఎస్టీ బాలికలతో మొదలైన పంపిణీ ఆ తర్వాత మిగిలిన వారికీ విస్తరించింది. కర్ణాటకలో 2006-07లో ఎనిమిదో తరగతి విద్యార్థులకు సైకిళ్లిచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 2014-19 మధ్య 'బడికొస్తా' పేరుతో ప్రభుత్వ ఉన్నత పాఠశాలల బాలికలకు అందజేశారు. అలా వచ్చిన సైకిళ్లు అక్కలు తొక్కి, చెల్లెళ్లు తొక్కి, ఇప్పుడు ఇంటి పెద్దల చేతికి వచ్చాయి. రిమ్ము, ఫ్రేము బాగున్నా ముందుగా వదులై గలగలమనేది మడ్‌గార్డే. అది ఊడిపోతే మళ్లీ వేయించని ఇళ్లే ఎక్కువ. తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినిపించే ఈ సరిహద్దులో దానికి మూడు భాషల్లోనూ మడ్‌గార్డు అనే పేరే స్థిరపడింది. దాని అవసరం మాత్రం వాన వచ్చినప్పుడే గుర్తొస్తోంది.

నీరు ఎటు ఎగురుతుంది?

మడ్‌గార్డు ఎంచుకునే ముందు చక్రం నీటిని ఏ దిశలో విసురుతుందో తెలియాలి. సీటుపై కూర్చున్న వ్యక్తి వైపు నుంచి చూస్తే, చక్రం అడుగు భాగం వెనక్కి, వెనుక వైపు భాగం పైకి, పైభాగం ముందుకు తిరుగుతూ ఉంటుంది. టైరుకు అంటుకున్న నీటి బొట్టు ఎక్కడ వదిలితే అక్కడి దిశలోనే ఎగురుతుంది. నేలకు దగ్గరగా వదిలిన బొట్టు వెనక్కి పోతుంది. ఇరుసు ఎత్తులో, చక్రం వెనుక అంచున వదిలినది నిట్టనిలువుగా పైకి లేస్తుంది. అంతకంటే పైన వదిలినది ముందుకు, పైకి లేచి తొక్కేవారి వీపును తాకుతుంది. చొక్కా మీది చార గీసేది ఈ చివరి రకమే.

బొట్టు వేగం సైకిలు వేగంతో సమానం. గంటకు 10 కిలోమీటర్ల వేగంతో వెళ్తే, నిట్టనిలువుగా లేచిన బొట్టు ఇరుసు నుంచి సుమారు 40 సెంటీమీటర్ల ఎత్తుకు చేరుతుంది. పెద్ద సైకిలు ఇరుసు నేల నుంచి సుమారు 35 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది కాబట్టి, ఆ బొట్టు సీటు దాకా కూడా రాదు. గంటకు 15 కిలోమీటర్ల వేగంలో అది 88 సెంటీమీటర్లు లేస్తుంది. అంటే నేల నుంచి నాలుగు అడుగులు, సరిగ్గా నడుము పైభాగం. రైలు వేళైందని 20 కిలోమీటర్ల వేగంతో తొక్కితే మాత్రం ఒకటిన్నర మీటరు పైకి లేచి తల దాకా వస్తుంది. గాలి అడ్డుకోవడం వల్ల నిజంగా కొంత తగ్గవచ్చు. అయినా వేగం రెట్టింపైతే చిమ్మే ఎత్తు రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. నిదానంగా వెళ్లే పెద్దాయన చొక్కా శుభ్రంగా ఉండి, అదే దారిలో వెళ్లిన కాలేజీ కుర్రవాడి చొక్కా ఎర్రబడటానికి కారణం ఇదే.

వెనుక చక్రం చేసేది పైకి కనిపించే నష్టమైతే, ముందు చక్రం చేసేది కనిపించని నష్టం. ముందు టైరు అడుగున వెనక్కి విసిరిన ఎర్రనీరు నేరుగా పాదాలను, పెడళ్లను, చైనును, పెడల్ ఇరుసును తాకుతుంది. మెకానిక్కులు బీబీ అని పిలిచే ఆ ఇరుసులోని కప్పుల్లో ఉక్కు గుండ్లు గ్రీజులో తిరుగుతుంటాయి. ఎర్రమట్టిలోని సన్నని ఇసుక ఆ గ్రీజులో చేరితే గుండ్లు, కప్పులు గీతలు పడి అరిగిపోతాయి. చైను లింకుల్లో చేరితే పిన్నులు అరిగి చైను సాగుతుంది. సాగిన చైను ఫ్రీవీల్ పళ్లను తినేస్తుంది. చివరకు చైను, ఫ్రీవీల్ రెండూ మార్చాల్సి వస్తుంది. వీపు చారకు భయపడి వెనుక మడ్‌గార్డు ఒక్కటే వేయించి, ముందుది అనవసరమని వదిలేసేవారు గమనించాల్సిన విషయమిది. సైకిలు ఆయుష్షును కాపాడేది నిజానికి ముందు మడ్‌గార్డే.

నల్ల సైకిలు చెప్పే సంగతి

తాతల నాటి నల్ల సైకిలును ఒకసారి పరిశీలిస్తే ఈ లెక్కలన్నీ అందులో కనిపిస్తాయి. రెండు చక్రాలకూ టైరు కంటే వెడల్పైన ఉక్కు రేకు, ముందుది దాదాపు పెడల్ ఎత్తు కంటే కిందికి దిగి ఉండటం, ప్రతి దానికీ ఇరుసు వద్ద బిగించిన కడ్డీలు, కొన్నింటికి చైనును పూర్తిగా కప్పే పెట్టె.. ఏదీ అలంకారం కోసం పెట్టింది కాదు. ఇంగ్లండులోని వాన దారుల కోసం రూపొందిన ఆ నమూనానే స్వాతంత్ర్యానంతరం మన దేశంలో లక్షలుగా తయారైంది. మద్రాసు సమీపంలోని అంబత్తూరులో 1949లో స్థాపితమైన టీఐ సైకిల్స్ హెర్క్యులస్‌ను, సోనేపట్‌లో 1951లో మొదలైన అట్లాస్, లూథియానాలో 1956లో మొదలైన హీరో తమ తమ సైకిళ్లను ఊరూరా చేర్చాయి. అట్లాస్ సాహిబాబాద్ కర్మాగారంలో ఉత్పత్తి 2020 జూన్‌లో నిలిచిపోయింది. అయినా ఈ తరహా సైకిళ్ల కొలతలు దాదాపు ఒకటే కావడంతో, ఏ కంపెనీ పాత సైకిలుకైనా లూథియానా మడ్‌గార్డు అమరుతుంది.

నల్ల సైకిలు వెనుక మడ్‌గార్డు తోక తెల్లగా ఉండటం చాలామంది చూసే ఉంటారు. అదీ ఊరికే వేసిన రంగు కాదు. రాత్రివేళ వెనుక నుంచి వచ్చే మోటారు వాహనాలకు సైకిలు కనిపించేలా వెనుక భాగంలో తెలుపు, ఎర్ర అద్దం ఉండాలని 1930లలో బ్రిటన్‌లో నిబంధన తెచ్చారు. ఆ అలవాటు సైకిలుతో పాటే ఇక్కడికీ వచ్చింది. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2020లో సైకిలు రిఫ్లెక్టర్లకు నాణ్యత నియంత్రణ ఉత్తర్వు ఇచ్చింది. వీధి దీపాలు లేని పల్లె దారుల్లో మడ్‌గార్డు తీసేస్తే ఆ ఎర్ర అద్దం కూడా పోతుంది. ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు యువకులు ఇష్టపడుతున్న లావు టైర్ల సైకిళ్లలో కొన్నింటికి మడ్‌గార్డులే ఉండవు. మరికొన్నింటికి చక్రం పైభాగంలో జానెడు ప్లాస్టిక్ ముక్క మాత్రమే ఉంటోంది. కొండదారుల్లో, పోటీల్లో బురద ఇరుక్కోకూడదని పుట్టిన నమూనాలవి. వాటిని రోజూ బడికి, ఉద్యోగానికి తొక్కేవారు విడిగా మడ్‌గార్డులు కొనుక్కోవాల్సిందే. ఆ ఖర్చునూ సైకిలు ధరలో కలిపి లెక్క వేసుకుంటే మంచిది.

'26' అంటే ఒకటే కాదు

షాపుకు వెళ్లి 26 అంగుళాల మడ్‌గార్డు ఇమ్మంటే ఏదో ఒకటి చేతికిస్తారు. ఇంటికొచ్చి బిగిస్తే టైరు అంచులు బయటికి కనిపిస్తాయి. దీనికి కారణం 26 పేరుతోనే రెండు మూడు రకాల చక్రాలు ఉండటం. టైరు పక్క గోడపై అచ్చుగా ఉండే అంకెలను చూస్తే ఈ గందరగోళం తీరుతుంది. పెద్ద నల్ల సైకిలుకు 28×1½ అని, దానితో పాటే 40-635 అని ఉంటుంది. ఇందులో మొదటిది టైరు వెడల్పు, రెండోది రిమ్ముపై టైరు కూర్చునే చోట వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలోనే. సాధారణంగా ఆడపిల్లల సైకిళ్లకు, తేలికపాటి సైకిళ్లకు 26×1⅜, అంటే 37-590 ఉంటుంది. లావు టైర్ల సైకిళ్లకు 26×2.125, అంటే 57-559.

ఈ చివరి రెండు చక్రాల బయటి చుట్టూ లెక్కిస్తే వ్యాసంలో తేడా సెంటీమీటరు కూడా ఉండదు. అందుకే ఒకదాని మడ్‌గార్డు వంపు రెండో దానికీ సరిపోయినట్లే కనిపిస్తుంది. కానీ వెడల్పులో 20 మిల్లీమీటర్ల తేడా ఉంది. ఆడపిల్లల సైకిలు మడ్‌గార్డును లావు టైరుకు వేస్తే అది టైరును కప్పదు, రాసుకుంటుంది. కాబట్టి షాపుకు వెళ్లేటప్పుడు టైరుపై ఉన్న రెండు అంకెలనూ కాగితంపై రాసుకుని వెళ్లాలి. సైకిలునే తీసుకెళ్లడం ఇంకా మేలు.

వెడల్పు, సందు

మడ్‌గార్డు టైరు కంటే కనీసం 10 మిల్లీమీటర్లు వెడల్పుగా ఉండాలి. 40 మిల్లీమీటర్ల టైరుకు 50 లేదా ఆ పైన, 57 మిల్లీమీటర్ల టైరుకు 67 దాకా అవసరమవుతుంది. అంతకంటే సన్నగా ఉంటే టైరు పక్కల నుంచి జారిన నీరు కాళ్లపై పడుతుంది. రేకు అంచులు లోపలికి కొద్దిగా మడిచి ఉన్న రకం మంచిది. లోపల చేరిన నీరు పక్కలకు కారకుండా కిందికి దిగుతుంది.

టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య సందు చిటికెన వేలు సులువుగా దూరేంత, అంటే ఒక సెంటీమీటరుకు తగ్గకూడదు. టైరులో గాలి పూర్తిగా కొట్టించాకే ఈ కొలత చూడాలి. గాలి తక్కువగా ఉన్నప్పుడు సరిపోయిన సందు, గాలి నిండాక తగ్గుతుంది. మరీ ఎక్కువ సందు ఉన్నా ప్రయోజనం లేదు, నీరు అంచు దాటి బయటికి చిమ్ముతుంది.

ఇక్కడ నేల స్వభావం కూడా చూడాలి. గుడుపల్లె, కుప్పం ప్రాంతంలోని ఎర్రనేలల్లో ఇసుక పాలు ఎక్కువ. వాన నీటిలో కలిసి చిమ్ముతుందే గానీ ముద్దలా టైరుకు పట్టుకోదు. అందువల్ల ఒక సెంటీమీటరు సందు చాలు. నల్లరేగడి ప్రాంతాల్లో అలా కాదు. అక్కడి బంకమన్ను టైరుకు చుట్టుకుని మడ్‌గార్డు లోపల గట్టిగా ఇరుక్కుంటుంది. చక్రమే తిరగదు. అటువైపు వానాకాలంలో మడ్‌గార్డులు విప్పి పెట్టేవారు ఉండటానికి కారణం ఇదే. వారిని చూసి ఎర్రనేల వారు కూడా విప్పేస్తే నష్టమే తప్ప లాభం లేదు. అయితే చెరువు కట్టల కింద, మడి గట్ల వెంట బంకమట్టి దారుల్లో రోజూ వెళ్లేవారు మాత్రం సందు రెండు వేళ్లు ఉండేలా చూసుకోవాలి.

పొడవులోనే అసలు పని

చక్రం విసిరే దిశలు గుర్తుంచుకుంటే మడ్‌గార్డు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉండాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. వెనుక మడ్‌గార్డు వెనుక అంచు ఇరుసు ఎత్తు దాకా, వీలైతే ఇంకా కిందికి దిగాలి. జానెడు ప్లాస్టిక్ ముక్క చక్రం నడినెత్తిన ఉన్నా, దాని వెనుక ఖాళీగా మిగిలిన భాగం నుంచే నీరు వీపు మీదికి లేస్తుంది. సీటు కింద గొట్టానికి తగిలించే తోకలాంటి ప్లాస్టిక్ పలక వీపును కొంతవరకు కాపాడుతుంది. చైనుకు, వెనుక వచ్చే మరో సైకిలు వారికి మాత్రం దానితో ఉపయోగం లేదు. వరుసగా బడికి వెళ్లే పిల్లల్లో వెనుక ఉన్న పిల్ల ముఖం మీద బురద పడేది ముందు సైకిలు మడ్‌గార్డు పొట్టిగా ఉండటం వల్లే.

ముందు మడ్‌గార్డు విషయంలో పొడవు ఇంకా కీలకం. టైరు అడుగున వదిలిన నీరు నేరుగా పాదం వైపే వస్తుంది కాబట్టి, వెనుక అంచు నేలకు ఎంత దగ్గరగా ఉంటే అంత మేలు. కానీ ఉక్కు రేకునో గట్టి ప్లాస్టిక్కునో నేల దాకా దించితే రాయికి, గుమ్మం మెట్టుకు, స్పీడు బ్రేకరుకు తగిలి వంగిపోతుంది. దీనికి పాతకాలం నుంచీ ఉన్న పరిష్కారం రబ్బరు పలక. మడ్‌గార్డు కొసకు మెత్తని రబ్బరు వేలాడదీస్తే రాయి తగిలినా వంగి మళ్లీ యథాస్థానానికి వస్తుంది. దాని కింది అంచు నేలకు నాలుగు అంగుళాల ఎత్తులో ఉంటే చాలు, పాదాలు, చైను దాదాపు పొడిగా ఉంటాయి.

షాపులో దొరికే పలకలు చాలావరకు సన్నగా, కంపెనీ పేరు కనిపించేంత మేరకే ఉంటాయి. పాత లారీ ట్యూబు ముక్క దొరికితే అంతకంటే బాగా పనికొస్తుంది. టైరు వెడల్పుకు రెండు వేళ్లు కలిపి కింద వెడల్పుగా, పైన సన్నగా ఉండేలా కత్తిరించి, మడ్‌గార్డు కొసలో రెండు రంధ్రాలు వేసి, చిన్న బోల్టులతో వెడల్పాటి వాషర్లు పెట్టి బిగించాలి. ఒకే బోల్టు పెడితే పలక గాలికి తిరిగి చక్రంలో పడుతుంది. బాగా సన్నని సైకిలు ట్యూబు పనికిరాదు, గాలికి వెనక్కి లేచిపోతుంది. పంక్చరు షాపులో మిగిలిన ముక్కతో అరగంటలో అయ్యే పని ఇది. కొత్త మడ్‌గార్డు కొనే స్తోమత లేనివారికి మొదట చేయించుకోదగ్గ మరమ్మతు కూడా ఇదే.

రేకా.. ప్లాస్టిక్కా?

ఉక్కు రేకు బలమైనది, వంగితే సుత్తితో సరిచేయవచ్చు, తెగితే వెల్డింగు వేయవచ్చు. పల్లెలో ఏ షాపులోనైనా బాగవుతుంది. తుప్పే దాని శత్రువు. అదీ బయట కాదు, లోపల మొదలవుతుంది. లోపల అంటిన మట్టి రోజుల తరబడి తడిని పట్టి ఉంచడమే కారణం. బిగించక ముందే లోపలి వైపు రెడాక్సైడ్ రంగు ఒక పూత వేయిస్తే ఆయుష్షు పెరుగుతుంది. మెరిసే క్రోమియం పూత రేకు చూడముచ్చటగా ఉన్నా, పూత లేచిన చోట తుప్పు త్వరగా పాకుతుంది. అల్యూమినియం తుప్పు పట్టదు, తేలిక. అయితే పదే పదే అదిరితే కడ్డీ బిగించిన చోట చీలుతుంది, దాన్ని వెల్డింగు చేసేవారు ఊళ్లో దొరకరు. ప్లాస్టిక్కులో వంచితే వంగి మళ్లీ నిలిచే రకం తీసుకోవాలి. గాజులా పెళుసుగా ఉన్నది ఏడాది ఎండకే పగులుతుంది. షాపులోనే అంచును కొద్దిగా వంచి చూస్తే తేడా తెలిసిపోతుంది. బరువులు మోసే సైకిలుకు ఉక్కు, పిల్లల బడి సైకిలుకు మెత్తని ప్లాస్టిక్కు అనుకోవచ్చు.

వదులు కడ్డీతో ముప్పు

అన్నింటికంటే జాగ్రత్త వహించాల్సింది ముందు మడ్‌గార్డు బిగింపు విషయంలో. ఒక బోల్టు ఊడి మడ్‌గార్డు వదులైతే అది టైరును తాకి, టైరుతో పాటు ముందుకు లాగబడుతుంది. రోడ్డుపై ఉన్న పుల్ల, తీగ ముక్క టైరుకూ కడ్డీకీ మధ్య ఇరుక్కున్నా ఇదే జరుగుతుంది. మడ్‌గార్డు ముడుచుకుని ఫోర్కు కిందికి చేరి చక్రాన్ని ఒక్కసారిగా ఆపేస్తుంది. ముందు చక్రం హఠాత్తుగా ఆగితే తొక్కేవారు హ్యాండిలు మీదుగా తలకిందులుగా పడతారు. అందుకే మంచి ప్లాస్టిక్ మడ్‌గార్డుల ముందు కడ్డీలకు, బలంగా లాగితే ఊడిపోయే క్లిప్పులు ఉంటాయి. ఏదైనా ఇరుక్కుంటే క్లిప్పు వదిలేస్తుంది, చక్రం ఆగదు. అవి తరచూ ఊడుతున్నాయని తీగతో గట్టిగా కట్టేయడం ప్రమాదాన్ని కొని తెచ్చుకోవడమే.

ముందు మడ్‌గార్డు గలగలమని మోగుతోందంటే నిర్లక్ష్యం చేయకూడదు. దారిలోనే వదులైతే దిగి, బోల్టు బిగించాలి. బిగించడానికి వీల్లేకపోతే పూర్తిగా విప్పి క్యారియరుకు కట్టుకుని వెళ్లాలి. వేలాడే మడ్‌గార్డుతో తొక్కడం కంటే అసలు లేకుండా తడవడమే నయం.

కడ్డీలు ఎన్ని ఉండాలన్నది పొడవును బట్టి ఉంటుంది. నిండుగా ఉన్న వెనుక మడ్‌గార్డుకు రెండు జతలు, ముందు దానికి కనీసం ఒక జత అవసరం. బోల్టు కింద స్ప్రింగు వాషరు, రేకుకూ కడ్డీకీ మధ్య పాత ట్యూబు నుంచి కత్తిరించిన రబ్బరు ముక్క పెడితే మోత తగ్గుతుంది, నట్లు వదులు కావు. లోపలి వైపు బోల్టు కొస టైరు వైపు పొడుచుకు రాకూడదు. బోల్టు తల లోపలికి, నట్టు బయటికి ఉండేలా బిగించాలి. ఈ చిన్న పొరపాటుతో టైరు కోసుకుపోయిన సైకిళ్లు కొల్లలు.

ఫోర్కులో స్ప్రింగులు ఉన్న సైకిళ్లకు మామూలు మడ్‌గార్డు బిగించకూడదు. గుంతలో పడినప్పుడు ఫోర్కు కింది భాగం చక్రంతో పాటు పైకి లేస్తుంది. మడ్‌గార్డు పైన కదలని భాగానికి, కడ్డీలు కింద కదిలే భాగానికి ఉంటే ఏదో ఒకటి విరగక తప్పదు. అలాంటి వాటికి మొత్తం కింది భాగానికే అమరే రకం అడగాలి.

చీర, చున్నీ, పాల క్యాను

ఆడవారి సైకిళ్లలో వెనుక మడ్‌గార్డుకు మరో పని ఉంది. చీర కొంగు, చున్నీ పుల్లల్లో పడకుండా చక్రం పక్కల ఉండే వల లేదా ప్లాస్టిక్ తెర మడ్‌గార్డు అంచునే పట్టుకుని ఉంటుంది. పాత మడ్‌గార్డు పాడైందని కొత్తది వేయించేటప్పుడు ఆ తెర తగిలించే రంధ్రాలు లేని రకం ఇస్తే, తెర మూలన పడుతుంది. తరువాత జరిగే ప్రమాదానికి మడ్‌గార్డు కారణమని ఎవరికీ తట్టదు. ఆడపిల్లల సైకిలుకు కొనేటప్పుడు ఈ రంధ్రాలున్నదే కావాలని అడగాలి. లేకపోతే షాపులోనే వేయించుకోవాలి.

పాల క్యాన్లు, మల్బరీ ఆకు మూటలు, గడ్డి మోపులు మోసే సైకిళ్ల సమస్య వేరు. బరువుకు క్యారియరు కుంగి మడ్‌గార్డును టైరుపై నొక్కుతుంది. ఇంట్లో బరువు లేకుండా చూసిన సందు దారిలో ఉండదు. క్యారియరు అడుగు భాగానికీ మడ్‌గార్డుకూ మధ్య కూడా రెండు వేళ్ల ఎడం ఉండాలి. పెద్ద సైకిళ్లలో మడ్‌గార్డు కడ్డీ, క్యారియరు కాలు, స్టాండు అన్నీ వెనుక ఇరుసుకే బిగుస్తాయి. అన్నీ చేరాక ఇరుసు మర నట్టు దాటి బయటికి కనిపించాలి. కనిపించకపోతే నట్టు సగం మరపైనే నిలిచి ఉందని అర్థం, బరువుతో వెళ్తుండగా చక్రం పక్కకు జరుగుతుంది. అలాంటప్పుడు పొడవైన ఇరుసు వేయించడమే మార్గం.

బిగించాక డబ్బు చెల్లించే ముందు షాపు ఎదుటే కొన్ని పరీక్షలు చేయవచ్చు. ముందు చక్రం ఎత్తి తిప్పితే ఎక్కడా రాసుకున్న శబ్దం రాకూడదు. సైకిలును జానెడు ఎత్తు లేపి వదిలితే టైర్ల చప్పుడు తప్ప రేకు మోత వినిపించకూడదు. పెడల్ మీద పాదం ఉంచి హ్యాండిలును రెండు వైపులా పూర్తిగా తిప్పితే బొటనవేలు మడ్‌గార్డుకు తగలకూడదు. చిన్న ఫ్రేముల్లో ఇది తగిలి, మలుపులో పిల్లలు పడిపోయే అవకాశం ఉంది. చివరగా వెనుక ఒకరిని కూర్చోబెట్టి మళ్లీ చక్రం తిప్పి చూడాలి. కొత్తగా బిగించిన నట్లు వారం రోజుల్లో ఒకసారి సర్దుకుంటాయి కాబట్టి, మొదటి వారం చివర అన్నింటినీ మరోసారి బిగించి, వాన రోజుల్లో ఇంటికి చేరగానే మడ్‌గార్డు లోపల ఒక చెంబెడు నీళ్లు పోసి మట్టి కడిగేయాలి.